ఇటలీ వలస కుటుంబాల వంశచరిత్ర: దస్తావేజులు చెప్పేవి, దాచేవి

దేశం విడిచి వెళ్లేవారి లెక్కలను ఇటలీ ప్రభుత్వం 1876లో తీయడం మొదలుపెట్టింది. నాటి నుంచి, ఆ దేశం మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన 1915 వరకు సుమారు 1 కోటి 40 లక్షల మంది పరదేశాలకు వెళ్లినట్లు ఆ లెక్కలు చెబుతాయి. ఒక్క 1913లోనే ఈ సంఖ్య 8 లక్షల 70 వేలు దాటింది. 1901లో ఇటలీ జనాభా దాదాపు 3 కోట్ల 25 లక్షలు మాత్రమే అన్న సంగతితో కలిపి చూస్తే ఈ వలస ఎంతటిదో బోధపడుతుంది. అయితే ఆ లెక్కలు మనుషులవి కావు, ప్రయాణాలవి. మూడుసార్లు సముద్రం దాటిన కూలీ ఆ పట్టికల్లో ముగ్గురుగా కనిపిస్తాడు. వలస వెళ్లినవారిలో, ముఖ్యంగా దక్షిణాది రైతుకూలీలలో, చదవడం రాయడం రానివారే ఎక్కువ కాబట్టి వారు తమ కథను తాము రాసిపెట్టుకోలేదు. బాప్తిస్మం ఇచ్చిన మతగురువు, పన్ను వేసిన గుమాస్తా, సైన్యంలోకి పిలిచిన అధికారి, టికెట్టు అమ్మిన ఓడ కంపెనీ, రేవులో ప్రశ్నలు వేసిన ఇన్‌స్పెక్టరు వారి గురించి రాశారు. జ్ఞాపకం కోసం కాక అదుపు కోసం పుట్టిన ఈ కాగితాలే నేడు ఆ కుటుంబాల తరతరాల చరిత్రకు ఆధారం. ఏ కాగితం ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలుసుకోకుండా చదివేవారిని అవి తప్పుదారి పట్టిస్తాయి.

వలసకు కారణాలు చరిత్ర గ్రంథాలలో విస్తారంగా ఉన్నవే. 1861లో ఏర్పడిన ఏకీకృత రాజ్యం తన అప్పుల భారాన్ని పిండి మరల మీద వేసిన పన్ను ద్వారా పేదవాడి రొట్టె దాకా తీసుకువెళ్లింది. 1880లలో అమెరికా గోధుమలు ఐరోపాను ముంచెత్తడంతో ధాన్యం ధరలు కూలిపోయాయి. ద్రాక్ష వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు తోటలను ఎండగట్టింది. 1888లో ఫ్రాన్సుతో మొదలైన సుంకాల పోరు మిగిలిన ద్రాక్షసారాయి వ్యాపారాన్ని దెబ్బతీసింది. వీటికి తోడు దక్షిణాదిలో మలేరియా, ఊళ్లో ఉండని భూస్వాముల చేతుల్లోని వేలాది ఎకరాల ఎస్టేట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఏ ఊరి నుంచి ఏ సంవత్సరంలో మొదటి గుంపు కదిలిందో ఈ కారణాలతో జోడించి చూస్తే, కుటుంబాలలో చెప్పుకొనే ‘తాత సాహసం’ చాలాసార్లు ఊరంతటి కష్టంలో ఒక భాగంగా తేలుతుంది.

ఈ అన్వేషణలో అన్నిటికన్న ముందు కావలసింది కొమూనె పేరు. కొమూనె అంటే ఇటలీలో పాలనకు అట్టడుగు విభాగం, సొంత మేయరు, సొంత రిజిస్టర్లు గల ఊరు లేదా పట్టణం. ఇవి దేశంలో సుమారు 8 వేలు ఉన్నాయి. జనన మరణ వివాహాల నమోదు అంతా కొమూనె స్థాయిలోనే జరిగింది గనుక దేశం మొత్తానికి పేర్ల సూచిక అంటూ ఏదీ లేదు. ముత్తాత పేరు తెలిసి ఊరు తెలియకపోతే ఏ కార్యాలయం తలుపు తట్టాలో తెలియదు. వలస వెళ్లినవారికి మాత్రం ఊరే దేశం. తమ చర్చి గంట వినిపించినంత మేరకే తమవాళ్లు అనుకొనే ఈ ఊరి మమకారాన్ని ఇటాలియన్లు ‘కాంపానిలిస్మో’ అంటారు. న్యూయార్కులోనూ ఒక వీధి ఒక ఊరివారిది, మరో వీధి మరో ఊరివారిది అన్నట్లుగా వారు కాపురాలు పెట్టారు. అమెరికా జనగణన గుమాస్తా వీరందరి ఎదుటా ‘ఇటలీ’ అని ఒక్క మాట రాసి ఊరుకోవడంతో, వంశచరిత్రకు అత్యవసరమైన సమాచారమే అతి సులభంగా దొరికే పత్రంలో లేకుండా పోయింది. ఊరి పేరును వేరేచోట వెతకాలి: ఇటాలియన్ల చర్చిలలో మతగురువులు రాసిన పెళ్లి నమోదులలో, 1917 జూన్‌లో యువకులు నింపిన సైనిక నమోదు కార్డులలో, 1906 చట్టం తర్వాతి పౌరసత్వ దరఖాస్తులలో, ఒకే ఊరివారు కలిసి పెట్టుకొన్న పరస్పర సహాయ సంఘాల పుస్తకాలలో, ఒక్కోసారి సమాధి రాయి మీద.

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రొసేతో పట్టణం విషయంలో ఈ వెతుకులాట అవసరమే రాదు, ఎందుకంటే ఊరే తన పేరును వెంట తెచ్చుకొంది. ఇటలీ ఆగ్నేయ భాగంలో ఫోజ్జా జిల్లా కొండల మీద ఉన్న రొసేతో వాల్‌ఫొర్తోరె నుంచి 1882లో పదకొండుమంది న్యూయార్కు చేరి, బ్యాంగర్ అనే ఊరి దగ్గర పలక రాతి గనులలో పనికి కుదిరారు. రాయి కొట్టడం వారికి తెలిసిన పనే. మరుసటి ఏళ్లలో అన్న తమ్ముణ్ని, తమ్ముడు బావమరిదిని పిలిపించుకొంటూ పోయిన ఈ పద్ధతినే చరిత్రకారులు గొలుసు వలస అంటారు. ఇందులో టికెట్టు డబ్బు, మొదటి పని, పడుకొనే చోటు అన్నీ చుట్టరికం ద్వారానే దొరుకుతాయి. 1912లో ఈ కాలనీ సొంత పురపాలన గల పట్టణమైంది. దాని ప్రధాన వీధి పేరు గరిబాల్డీ. ఇలాంటి జంట ఊళ్లు వంశచరిత్ర రాసేవారికి పెద్ద వరం: ఒక కుటుంబపు పత్రాలు దొరకనప్పుడు అదే గొలుసులోని పక్కింటివారి పత్రాలు దారి చూపుతాయి.

కొమూనె పేరు దొరికాక ఇటలీ వైపు పని ఊహించినదానికన్న సులభంగా సాగుతుంది. ఐరోపాలో ఇంత చక్కగా పేదవాడి వివరాలు రాసిన దేశాలు ఎక్కువ లేవు. నెపోలియన్ పాలనతో వచ్చిన పౌర నమోదు, అంటే చర్చితో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే జనన వివాహ మరణాలను నమోదు చేసే పద్ధతి, నేపుల్స్ రాజ్యంలో 1809లో మొదలైంది. నెపోలియన్ పతనం తర్వాత తిరిగి గద్దెనెక్కిన బూర్బన్ రాజులు దానిని రద్దు చేయకపోగా 1820లో సిసిలీకి కూడా విస్తరింపజేశారు. ఉత్తరాదిలో చాలాచోట్ల అది ఆగిపోయి, ఏకీకరణ తర్వాత 1866లో మాత్రమే దేశమంతటా ఒకే పద్ధతిగా తిరిగి వచ్చింది. ఆలస్యంగా ఇటలీలో కలిసిన వెనిస్ ప్రాంతంలో, రోములో 1871 నుంచి అమలైంది. అందువల్ల ‘వెనుకబడిన’ దక్షిణాది కూలీ వంశాన్ని 1800ల తొలి దశకాల దాకా ప్రభుత్వ పత్రాలతోనే గుర్తించవచ్చు గాని, సంపన్నమైన ఉత్తరాది పట్టణవాసి కోసం అదే కాలానికి చర్చి పుస్తకాలను ఆశ్రయించవలసి వస్తుంది.

ఈ దక్షిణాది రిజిస్టర్లలో అన్నిటికన్న విలువైనవి పెళ్లి పత్రాలకు జోడించిన కాగితాల కట్టలు. పెళ్లికి పెద్దల అనుమతి చట్టప్రకారం తప్పనిసరి గనుక, వధూవరుల జనన పత్రాల నకళ్లతో పాటు, తల్లిదండ్రులలో ఎవరైనా చనిపోయి ఉంటే వారి మరణ పత్రం, తండ్రి లేకపోతే అనుమతి ఇవ్వవలసిన తాత కూడా చనిపోయాడని చూపే పత్రం దాఖలు చేయాలి. ఈ విధంగా 1825 ప్రాంతంలో జరిగిన ఒక కూలీ పెళ్లికి జతచేసిన కట్టలో, పౌర నమోదు మొదలుకాక ముందు చనిపోయిన తాత మరణం కూడా చర్చి పుస్తకం నుంచి తీసిన నకలుగా దొరుకుతుంది. అంటే ఒక్క పెళ్లితో మూడు తరాలు, రెండు వైపులా బయటపడతాయి. ఆస్తి లేనివాడి వద్ద ఇన్ని రుజువులు అడగడంలో ప్రభుత్వానికి ఉన్న ఉద్దేశం చరిత్ర కాదు. ఫలితం మాత్రం చరిత్రకారుడికే దక్కింది.

పేర్ల విషయంలో ఇటలీ ఆచారం సహాయమూ చేస్తుంది, చిక్కూ తెస్తుంది. స్త్రీలు పెళ్లయ్యాక కూడా పుట్టింటి ఇంటిపేరుతోనే అన్ని పత్రాలలో కనిపిస్తారు. ఇటలీ రేవులలో తయారైన ఓడ జాబితాలలో సైతం భార్యలు చాలాచోట్ల ఆ పేరుతోనే ఉండడం వల్ల భర్త ఇంటిపేరుతో వెతికేవారికి దొరకరు. కాగితం మీద తండ్రి పేరుకు ముందు ‘ది’ అని ఉంటే అతడు అప్పటికి బతికి ఉన్నాడని, ‘ఫు’ అని ఉంటే చనిపోయాడని అర్థం; రెండు పత్రాల మధ్య ‘ది’ పోయి ‘ఫు’ వచ్చిందంటే తండ్రి మరణం ఏ ఏళ్ల మధ్య జరిగిందో తెలిసిపోతుంది. తెలుగు ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్లే దక్షిణ ఇటలీలో మొదటి కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండో కొడుకుకు తల్లి తండ్రి పేరు, కూతుళ్లకు అదే వరుసలో నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు పెట్టడం ఆనవాయితీ. నలుగురు అన్నదమ్ములూ తమ పెద్దకొడుకుకు తండ్రి పేరే పెట్టడంతో ఒకే ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, దగ్గర దగ్గర వయసు గల నలుగురు తయారవుతారు. పసితనంలో చనిపోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం కూడా మామూలు. తల్లి పేరును సరిచూడకుండా మొదట కనిపించిన జనన పత్రాన్ని తమ పూర్వీకుడిదిగా రాసుకోవడం ఈ రంగంలో అతి సాధారణమైన పొరపాటు.

కొన్ని ఇంటిపేర్ల వద్ద దారి పూర్తిగా మూసుకుపోతుంది. కనిపారేసిన శిశువులను అనాథాశ్రమం గోడలో అమర్చిన తిరుగుడు పెట్టెలో ఉంచి వెళ్లే ఆచారం ఇటలీలో శతాబ్దాల పాటు ఉండేది. నేపుల్స్‌లోని అనుంజియాతా ఆశ్రమంలో ఆ పెట్టెను 1875లో మూసివేశారు. అలాంటి పిల్లలకు నేపుల్స్‌లో ‘ఎస్పోసితో’, రోములో ‘ప్రొయెత్తి’, ఫ్లారెన్సులో ‘ఇన్నొచెంతి’, మిలాన్‌లో ‘కొలొంబో’ అనే పేర్లు ఇంటిపేర్లుగా ఇచ్చారు. కొమూనెలలో రిజిస్టరు రాసే అధికారి అప్పటికప్పుడు తోచిన ఇంటిపేరు తగిలించిన సందర్భాలూ అనేకం. అమెరికాలోని మనవలు ‘కొలొంబో’ అన్న ఇంటిపేరును చూసి నావికుడు కొలంబస్ వంశమని చెప్పుకోవడం వినడానికి బాగుంటుంది. చర్చి పుస్తకం చెప్పేది వేరుగా ఉండవచ్చు.

1809కి వెనుక ఉన్న కాలానికి చర్చి పుస్తకాలే శరణ్యం. 1563లో క్యాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ పెళ్లిళ్ల నమోదును మతగురువుల విధిగా నిర్ణయించింది. 1614లో వెలువడిన రోమన్ కర్మకాండ గ్రంథం బాప్తిస్మం, ధృవీకరణ, వివాహం, మరణాలకు తోడుగా ‘ఆత్మల స్థితి’ అనే పుస్తకాన్ని కూడా విధించింది. ఇది ఈస్టరు పండుగ వేళ ఇంటింటికీ తిరిగి కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు రాసుకొన్న జాబితా. జనగణన అనే మాట పుట్టక ముందు జరిగిన జనగణన అనుకోవచ్చు. నేపుల్స్ రాజ్యంలో వీటికి తోడు 1740లలో బూర్బన్ రాజు చార్లెస్ ఆదేశంతో తయారైన పన్నుల సర్వే ఒకటి ఉంది. అందులో ప్రతి ఇంటి యజమాని, అతని భార్యాబిడ్డల వయసులు, వృత్తి, గాడిద ఉందా, ద్రాక్షతోట ఉందా అన్నది కూడా కనిపిస్తుంది. అయితే అన్ని ఊళ్ల పుస్తకాలూ మిగలలేదు. 1908 డిసెంబరు 28 నాటి భూకంపం మెస్సీనాను నేలమట్టం చేసినప్పుడు కాగితాలూ పోయాయి. 1943 సెప్టెంబరు 30న జర్మను సైనికులు నేపుల్స్ ప్రభుత్వ భాండాగారం దాచిపెట్టిన అమూల్య పత్రాలను తగలబెట్టారు. పౌర రిజిస్టర్లను రెండేసి ప్రతులుగా రాసి, ఒకటి కొమూనెలో, మరొకటి న్యాయస్థానంలో ఉంచడం వల్లనే చాలా ఊళ్ల వంశాలు నిలిచాయి.

సముద్రం దాటే ఘట్టం గురించి కుటుంబాలలో చెప్పుకొనే కథలలో అన్నిటికన్న గట్టిగా నాటుకొన్నది, ఎల్లిస్ ఐలండ్ గుమాస్తా పలకలేక ఇంటిపేరు మార్చేశాడన్నది. 1892 జనవరి 1న న్యూయార్కు రేవులో తెరిచిన ఆ వలసదారుల తనిఖీ కేంద్రంలో గుమాస్తాలు పేర్లు కొత్తగా రాయలేదు. జెనోవా, నేపుల్స్, పలెర్మో రేవులలో ఓడ కంపెనీలు రాసి తెచ్చిన జాబితాలను ఎదురుగా పెట్టుకొని వాటితో సరిచూశారు. పైగా అక్కడ దుబాసీలు ఉండేవారు; తర్వాత న్యూయార్కు మేయరైన ఫియొరెల్లో లా గార్డియా, ఫోజ్జా జిల్లావాడి కొడుకే, 1907 నుంచి 1910 వరకు అక్కడ దుబాసీగా పనిచేశాడు. 1974 నాటి ‘గాడ్‌ఫాదర్’ సినిమా రెండో భాగంలో గుమాస్తా బాలుడి ఊరి పేరునే ఇంటిపేరుగా రాసే దృశ్యం ఈ కథకు ఎనలేని ప్రచారం కల్పించింది. పేర్లు మారింది ఆ తర్వాత, నెమ్మదిగా: బడిలో పంతులమ్మ, గనిలో మేస్త్రీ, జీతాల గుమాస్తా ఎలా పలికితే అలా. గయెతానో థామస్ అయ్యాడు, కలోజెరో చార్లెస్ అయ్యాడు. 1906 చట్టం పౌరసత్వం ఇచ్చే సమయంలోనే పేరు మార్చుకొనే వీలు కూడా కల్పించింది కాబట్టి చాలామంది తమ చేతులతోనే ఆ పని చేసుకొన్నారు. కుటుంబాలు ఆ మార్పును అధికారి మీదకు నెట్టడంలో కొంత ఓదార్పు ఉందనిపిస్తుంది.

1907 తర్వాతి ఓడ జాబితాలు వంశచరిత్రకు గని వంటివి. పుట్టిన ఊరు, ఊళ్లో వదిలివచ్చిన దగ్గరి బంధువు పేరు, అమెరికాలో చేరబోయే వ్యక్తి చిరునామా, జేబులోని డబ్బు, ఎత్తు, ఇంతకు ముందు వచ్చి ఉంటే ఎప్పుడు అన్నవి వాటిలో ఉంటాయి. ఈ చివరి గడి ముఖ్యమైనది. వలసను ఒకసారి వెళ్లి స్థిరపడడంగా ఊహించుకొనే వారసులకు అక్కడ రెండు, మూడు రాకపోకలు కనిపించి ఆశ్చర్యం కలుగుతుంది. ఆ రోజుల్లో అమెరికా వెళ్లిన ఇటాలియన్లలో సగానికి దగ్గరగా తిరిగి వెళ్లిపోయారు. ఉత్తరార్ధగోళంలో కోతలు ముగించుకొని అర్జెంటీనా కోతలకు సముద్రం దాటి, మళ్లీ ఇంటికి వచ్చే కూలీలకు అక్కడ ‘స్వాలో అనే వలసపక్షి’ అన్న అర్థంలో ‘గొలొంద్రీనా’ అని పేరు. ఊళ్లో మిగిలిన భార్యలను ‘తెల్ల విధవలు’ అనేవారు: భర్త బతికే ఉన్నాడు, ఇంట్లో లేడు. పిల్లల జనన సంవత్సరాల మధ్య నాలుగైదేళ్ల ఖాళీలు వస్తే అవి ఆ తండ్రి ప్రవాసపు ఆనవాళ్లు కావచ్చు.

కాగితాల మౌనం ఎక్కడ అన్నిటికన్న కఠినంగా ఉంటుందో పశ్చిమ వర్జీనియాలోని మొనాంగా గని చూపుతుంది. 1907 డిసెంబరు 6న అక్కడ జరిగిన పేలుడులో 362 మంది మరణించినట్లు అధికారిక లెక్క. మృతులలో మొలీజె, కలాబ్రియా ప్రాంతాల ఊళ్లవారు పెద్దసంఖ్యలో ఉన్నారు. గని కార్మికులు తమ సొంత కూలి నుంచి వాటా ఇచ్చి కొడుకులను, బంధువులను సహాయకులుగా లోపలికి తీసుకువెళ్లే అలవాటు ఉండడం వల్ల కంపెనీ జీతాల పుస్తకంలో లేని మనుషులు కూడా ఆ గనిలో ఉన్నారు. అలాంటి వ్యక్తి జాడ ఇటలీలోని జనన పత్రంతో మొదలై, ఓడ జాబితాతో ఆగిపోతుంది.

రెండో తరం కథను ప్రధానంగా చట్టాలు రాశాయి. 1921లో అమెరికా తెచ్చిన కోటా చట్టం ఏడాదికి 42,057 మంది ఇటాలియన్లను అనుమతించగా, 1924 చట్టం ఆ సంఖ్యను 3,845కు కుదించింది. రాకపోకల వలస అంతటితో ముగిసి, ఎటువైపు ఉన్నవారు అటే ఉండిపోయారు. స్త్రీల పౌరసత్వం భర్త వెంట నడిచేది: 1907 నుంచి 1922 దాకా, అమెరికాలో పుట్టిన కూతురు పౌరసత్వం తీసుకోని ఇటాలియన్‌ను పెళ్లాడితే తన పుట్టిన దేశంలోనే పరదేశీయురాలైపోయేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక పౌరసత్వం లేని సుమారు 6 లక్షల మంది ఇటాలియన్లు ‘శత్రుదేశీయులు’గా నమోదయ్యారు, కొడుకులు అమెరికా సైన్యంలో ఉన్న తల్లులు కూడా అందులో ఉన్నారు. 1942 అక్టోబరు 12న, కొలంబస్ దినం నాడు, ఆ ముద్ర తొలగింది గాని, ఇళ్లలో ఊరి యాస వినిపించడం తగ్గిపోయింది.

కొడుకు మరిచిపోవాలనుకొన్నది మనవడు గుర్తుచేసుకోవాలనుకొంటాడన్న భావాన్ని 1930ల చివర వలసల చరిత్రకారుడు మార్కస్ లీ హాన్సెన్ ప్రతిపాదించాడు. రొసేతో పట్టణంలో ఆ మరుపు వైద్య పరిశోధనకు కూడా చిక్కింది. 1960లలో వైద్యుడు స్టీవర్ట్ వుల్ఫ్ బృందం అక్కడ గుండెజబ్బు మరణాలు పొరుగున ఉన్న బ్యాంగర్‌లో కన్న చాలా తక్కువని గుర్తించి, మూడు తరాలు ఒకే కప్పు కింద బతికే సామాజిక బంధమే కారణమని భావించింది. తర్వాతి తరం విడిగా ఇళ్లు కట్టుకొని అమెరికన్ జీవితంలో కలిసిపోయేకొద్దీ ఆ తేడా చెరిగిపోయింది. బంధానికీ గుండెకూ ఉన్న సంబంధం మీద వాదాలు ఉండవచ్చు గాని, ఒక వలస ఊరి మూడు తరాల జీవనం ఇంత దగ్గరగా నమోదైన సందర్భాలు అరుదు.

నాలుగో తరం నాటికి వంశచరిత్ర హక్కుపత్రంగా మారింది. 1912 నాటి 555వ చట్టం, దాని స్థానంలో వచ్చిన 1992 నాటి 91వ చట్టం రక్తసంబంధం ద్వారా పౌరసత్వం సంక్రమించే సూత్రాన్ని తరాల పరిమితి లేకుండా నిలిపాయి. తల్లి ద్వారా సంక్రమించే వీలు మాత్రం 1948 జనవరి 1న అమలులోకి వచ్చిన రాజ్యాంగంతోనే మొదలైందని భావించడం వల్ల, 1947లో పుట్టిన బిడ్డకూ 1948లో పుట్టిన చెల్లెలికీ వేర్వేరు దారులు ఏర్పడ్డాయి. బ్రెజిల్, అర్జెంటీనా, అమెరికాలలోని లక్షలాది వారసులు ముత్తాత జనన పత్రం కోసం కొమూనెలకు రాయడం మొదలుపెట్టాక, పది మంది ఉద్యోగులు కూడా లేని కొండ ఊళ్ల కార్యాలయాలు ఆ దరఖాస్తుల కింద మునిగిపోయాయి. 2025 మార్చి 28 నాటి అత్యవసర ఉత్తర్వు, మే 23న దానిని ధృవీకరించిన 74వ చట్టం ఈ దారిని చాలావరకు మూసివేశాయి. విదేశంలో పుట్టి వేరే పౌరసత్వం ఉన్నవారికి, కొన్ని మినహాయింపులు పోగా, తల్లిదండ్రులలో లేదా తాతలు, నాయనమ్మ, అమ్మమ్మలలో ఒకరికి ఇటలీ పౌరసత్వం ఒక్కటే ఉండాలన్నది ఇప్పటి నియమం. అదే ఏడాది బడ్జెట్ చట్టం, వంద ఏళ్లు దాటిన జనన వివాహ మరణ పత్రాలను ఇతరుల కోసం అడిగేవారి నుంచి ఒక్కో పత్రానికి 300 యూరోల వరకు రుసుము వసూలు చేసే అధికారాన్ని కొమూనెలకు ఇచ్చింది.